పట్టిక చెడిన డిస్కు: పరీక్షయు, చికిత్సయు

విద్యార్థుల ప్రాజెక్టు పత్రములు, కార్యాలయపు ప్రవేశ పట్టికలు, ఉపకార వేతనముల జాబితాలు, గ్రంథాలయపు పుస్తక సూచి - ఇవన్నియు ఒకప్పుడు కాగితముపై నుండెడివి. నేడు వానిలో అధిక భాగము డిస్కులలో నున్నవి. కాగితపు దస్త్రమునకు చెదలు పట్టినచో ఎంత మేర చెడినదో కంటికి కనబడును. డిస్కు విషయమున అట్లు గాదు. నిన్నటి వరకు చక్కగా పనిచేసిన డిస్కును నేడు కంప్యూటరుకు తగిలించగా, అది నిన్ననే కొని తెచ్చిన ఖాళీ వస్తువైనట్లు తెరమీద ఒక వాక్యము కనబడును. విండోస్ వాడు యంత్రమైనచో, డిస్కును ఉపయోగించుటకు ముందు దానిని సిద్ధపరచవలెనని సూచించి అనుమతి కోరును. లినక్స్ వాడు యంత్రమైనచో, ఈ డిస్కుపై గుర్తింపదగిన విభాగ పట్టిక లేదని చెప్పి ఊరకుండును.

ఇట్టి వాక్యమును చూచినవారు సామాన్యముగా రెండు పొరపాట్లు చేయుదురు. సర్వమును పోయినదని తలచి డిస్కును మూలకు వేయుట మొదటిది. యంత్రము అడిగినదే తడవుగా "సరే" అను మీటను నొక్కుట రెండవది. మొదటి దానివలన వృథా దుఃఖము కలుగును. రెండవ దానివలన నిజమైన నష్టము కలుగును. పట్టిక చదువబడకపోవుట వేరు, సమాచారము నశించుట వేరు. ఈ భేదమును తెలిసికొనినవాడు చాల సందర్భములలో తన డిస్కును తానే రక్షించుకొనగలడు. ఆ భేదమును, దానిననుసరించి చేయవలసిన పరీక్షను వివరించుటయే ఈ వ్యాసపు ఉద్దేశము.

డిస్కు, దాని దస్తావేజు

డిస్కును ఒక విశాలమైన పొలముగా భావింపుడు. ఆ పొలము సమానమైన చిన్న చిన్న మడులుగా ఏర్పరచబడియుండును. ఒక్కొక్క మడికి సెక్టారు అని పేరు. చిరకాలముగా ఒక సెక్టారు 512 బైట్ల కొలతగా వాడుకలో నున్నది. సెక్టార్లకు సున్న మొదలుకొని వరుస సంఖ్యలుండును. కంప్యూటరు డిస్కును ఫైలు పేరు చెప్పి అడుగదు. ఫలానా సంఖ్య గల సెక్టారును ఇమ్మని మాత్రమే అడుగును. లక్ష కోట్ల బైట్లు పట్టు డిస్కులో, అనగా ఒక టెరాబైటు డిస్కులో, ఇట్టి సెక్టార్లు 195 కోట్లకు పైగా నుండును.

అన్నదమ్ములు ఆస్తి పంచుకొనునపుడు భాగపరిష్కారపు దస్తావేజు వ్రాసికొందురు. ఎవరి భాగము ఎచ్చట మొదలగునో, దాని విస్తీర్ణమెంతయో, అది ఏ రకపు నేలయో అందులో నుండును. డిస్కులోని విభాగ పట్టికయు అట్టి దస్తావేజే. ఆంగ్లములో ఆస్తి పంపకమునకును, డిస్కు పంపకమునకును పార్టిషన్ అను మాటనే వాడుదురు. పట్టికలో ఫైళ్ళు ఉండవు, ఫైళ్ళ పేర్లును ఉండవు. ఒక్కొక్క విభాగపు ఆరంభము, పరిమాణము, రకము మాత్రమే యుండును. ఆ విభాగములోనికి ప్రవేశించిన పిమ్మట ఫైళ్ళ లెక్కను చూచుకొనునది ఫైల్ సిస్టమ్ అను వేరొక ఏర్పాటు.

దస్తావేజు చినిగిపోయినంత మాత్రమున పొలములోని పైరు ఎండిపోదు. అటులనే పట్టిక చెడినంత మాత్రమున విభాగములలోని ఫైళ్ళు చెరిగిపోవు. అయితే దస్తావేజు లేని పొలములోనికి మరియొకడు వచ్చి క్రొత్త గట్లు వేసి దున్ని విత్తినచో, ఆ పైరు దక్కదు. "సిద్ధపరచుట", "ఫార్మాట్ చేయుట" అను పనులు ఇట్టివి.

పాత పట్టిక

ఐ.బి.ఎం. సంస్థ 1983వ సంవత్సరమున పి.సి. ఎక్స్.టి. అను యంత్రమును విడుదల చేసినది. దానితోబాటు వచ్చిన డాస్ 2.0 లో హార్డ్‌డిస్కును విభాగములుగా పంచుకొను ఏర్పాటు మొదలైనది. దీనికి మాస్టర్ బూట్ రికార్డు అని పేరు. ఇది డిస్కులోని మొట్టమొదటి సెక్టారులో, అనగా సున్న సంఖ్య గల సెక్టారులో నుండును.

ఆ సెక్టారులోని 512 బైట్లు ఇట్లు పంచబడియున్నవి. మొదటి 446 బైట్లు యంత్రమును మేల్కొలుపు చిన్న ప్రోగ్రాముకు కేటాయింపబడినవి. తరువాతి 64 బైట్లు అసలు పట్టిక. చివరి 2 బైట్లు ముద్ర. పట్టికలో నాలుగు వరుసలు. వరుసకు 16 బైట్లు. ఆ 16 లో ఒక బైటు ఈ విభాగము నుండి యంత్రము మేల్కొనవలెనా లేదా అని తెలుపును. ఒక బైటు విభాగపు రకమును తెలుపును. నాలుగు బైట్లు ఆరంభ సెక్టారు సంఖ్యను, నాలుగు బైట్లు మొత్తము సెక్టార్ల సంఖ్యను తెలుపును. మిగిలిన ఆరు బైట్లు పాత కాలపు కొలతలో ఆది అంతములను తెలుపును. నేడు వానిని పట్టించుకొనువారు అరుదు.

ముద్రగా నుండు రెండు బైట్లు దశాంశ పద్ధతిలో 85, 170. ద్వియాంశ పద్ధతిలో వ్రాసినచో మొదటిది 01010101, రెండవది 10101010. ఈ ముద్ర లేనిచో, లోపలి నాలుగు వరుసలు ఎంత చక్కగా నున్నను కంప్యూటరు వానిని పట్టికగా అంగీకరింపదు. రిజిస్ట్రారు ముద్ర లేని దస్తావేజు కచేరీలో చెల్లనట్లే యిది. రెండు బైట్ల లోపము వలన డిస్కు అంతయు ఖాళీగా తోచుట సంభవమే.

సంఖ్యలను వ్రాయు తీరును గూర్చి యొక మాట చెప్పవలెను. ఉర్దూ పంక్తి కుడి నుండి ఎడమకు సాగును. ఆ పంక్తిలోనే సంఖ్య వచ్చినచో దాని అంకెలు ఎడమ నుండి కుడికి నడచును. ఈ వాడుక తెలియనివాడు పంక్తి పోకడనే అనుసరించి చదివినచో 12 ను 21 అని చెప్పును. ఈ పట్టికలోను చదువు దిక్కు తెలియవలెను. ఇందులో చిన్న విలువ గల బైటు ముందు, పెద్ద విలువ గల బైటు వెనుక నుండును. ఆరంభ సెక్టారు 2048 అయినచో నాలుగు బైట్లు 0, 8, 0, 0 అని కనబడును. మొదటి బైటు ఒకట్ల స్థానము, రెండవది 256ల స్థానము. కావున 8ని 256 చే గుణింపగా 2048 వచ్చును. దీనినే తిరుగవేసి చదివినచో 5,24,288 అను అసందర్భపు సంఖ్య వచ్చును. డిస్కు బైట్లను స్వయముగా పరిశీలింపగోరు విద్యార్థి ముందుగా ఈ దిక్కును గుర్తుంచుకొనవలెను.

క్రొత్త పట్టిక

పాత పట్టికలో సెక్టారు సంఖ్యకు నాలుగే బైట్లుండుట వలన ఒక ఎల్ల ఏర్పడినది. నాలుగు బైట్లతో 4,29,49,67,296 వేర్వేరు సంఖ్యలను మాత్రమే వ్రాయగలము. దానిని 512 చే గుణింపగా సుమారు 2.2 లక్షల కోట్ల బైట్లు, అనగా 2.2 టెరాబైట్లు. అంతకు మించిన డిస్కులోని మిగులు భాగము ఈ పట్టికకు అందదు.

ఈ కొరతను తీర్చుటకు జి.పి.టి. అను క్రొత్త పట్టిక వచ్చినది. అందులో సెక్టారు సంఖ్యకు ఎనిమిది బైట్లు. సామాన్యముగా 128 విభాగములకు చోటుండును; వరుసకు 128 బైట్లు. మొత్తము 16,384 బైట్లు, అనగా 512 బైట్ల సెక్టార్లు 32. పట్టికకు ముందు, 1వ సంఖ్య గల సెక్టారులో, శీర్షిక యుండును. అది ఎనిమిది ఆంగ్ల అక్షర స్థానముల గుర్తుతో, అనగా "ఇ.ఎఫ్.ఐ. పార్ట్" అను మాటతో, మొదలగును.

ఈ పట్టికలో మెచ్చదగిన గుణములు మూడు. మొదటిది, దీని ప్రతి యొకటి డిస్కు చిట్టచివరి సెక్టార్లలో నుండును. ఉర్దూ విభాగము ఒక అట్ట నుండి, తెలుగు విభాగము రెండవ అట్ట నుండి మొదలగు ద్విభాషా సంచికవలె, ఈ డిస్కును రెండు కొనల నుండియు తెరువవచ్చును. రెండవది, శీర్షికకును పట్టికకును సరిచూపు సంఖ్యలు లెక్కించి వ్రాయబడియుండును. ఒక్క బైటు మారినను లెక్క సరిపోదు, దోషము వెంటనే బయటపడును. మూడవది, సున్నవ సెక్టారులో పాత పద్ధతి పట్టిక యొకటి కావలిగా నుండును. డిస్కు అంతయు ఒకే విభాగమనియు, దాని రకము 238 అనియు అది చెప్పును. క్రొత్త పట్టికను ఎరుగని పాత ప్రోగ్రాములు ఈ డిస్కును ఖాళీ అనుకొని పాడుచేయకుండుటకు ఈ కావలి యేర్పడినది.

గుర్తింపబడకపోవుటకు కారణములు

పట్టిక గుర్తింపబడలేదను వాక్యము ఒక్కటే యైనను దాని వెనుక కారణములు పెక్కు. జ్వరము ఒక్కటే యైనను రోగములు వేరైనట్లు వీనిని వేరుచేసి చూడవలెను.

మొదటి కారణము, డిస్కు అసలు చదువబడకపోవుట. తీగ వదులగుట, విద్యుత్తు చాలకపోవుట, మొదటి సెక్టార్లు పాడగుట ఇందులో చేరును. డిస్కు పరిమాణము సున్నగా గాని, అసంభవముగా గాని కనబడినచో దోషము పట్టికలో లేదు, యంత్రాంగములో నున్నది.

రెండవది, పట్టిక బాగుగనే యుండి, చదువు యంత్రమునకు ఆ భాష రాకపోవుట. సామాన్యముగా వాడిన 32 బిట్ల విండోస్ ఎక్స్‌పీకి క్రొత్త పట్టికను చదువుట రాదు. కావలి విభాగమును మాత్రమే చూపును. పూర్వపు పవర్ పి.సి. జాతి మకింటోష్ యంత్రములు వాడిన ఆపిల్ పట్టిక విండోస్‌కు అర్థము కాదు. మరియొక యంత్రమున పెట్టి చూచిన చాలును.

మూడవది, పట్టిక అసలు లేకపోవుట. కొన్ని పెన్‌డ్రైవులలో ఫైల్ సిస్టమ్ సున్నవ సెక్టారు నుండియే మొదలగును. అందులో పంపకమే లేదు. అట్టి సెక్టారు చివర కూడ 85, 170 అను ముద్ర యుండవచ్చును గనుక కొన్ని ప్రోగ్రాములు అందలి ఇతర బైట్లను పట్టిక వరుసలుగా భ్రమించి, నమ్మశక్యము గాని విభాగములను చూపును. డిస్కు అంతటిని గుప్తలిపిలోనికి మార్చినపుడును ఇట్లే జరుగును. వెరాక్రిప్ట్ వంటి ప్రోగ్రాముతో డిస్కు మొత్తమును గుప్తపరచినచో విండోస్ దానిని ఖాళీ అనుకొని సిద్ధపరచుదునా అని అడుగును. అంగీకరించినచో ఆరంభమునగల తాళపు సమాచారము చెడి, తాళపుచెవి యుండియు తలుపు తెరువలేని స్థితి రావచ్చును.

నాల్గవది, కొలమానము మారుట. దీనిని క్రింద విడిగా వివరింతును.

ఐదవది, పట్టిక యొక్క ఒక కొన చెడుట. ముందు శీర్షిక చెడి వెనుక ప్రతి బాగుగా నుండవచ్చును. చిన్న డిస్కును ఉన్నదున్నట్లు పెద్ద డిస్కుపైకి దించినపుడు వెనుక ప్రతి చివర నుండవలసినది నడుమ చిక్కుకొనును. ఇది సులభముగా సరిచేయదగిన లోపము.

ఆరవది, పట్టికపై మరియొకటి వ్రాయబడుట. పొరపాటున వేరొక డిస్కును ఎంచుకొని నిర్వహణ వ్యవస్థను స్థాపించుట, క్రొత్త పట్టికను వ్రాయుట ఇందులో చేరును. నిజమైన చికిత్స అవసరమగునది ఇక్కడనే.

కొలమానపు చిక్కు

పొలపు కాగితములో "40" అని మాత్రమే యుండి కొలమానము పేరు లేదనుకొందము. తెలంగాణమున దానిని గుంటలుగా చదివినవాడు ఒక ఎకరము అనును. కోస్తా జిల్లాలలో సెంట్లుగా చదివినవాడు ఎకరములో ఐదింట రెండు వంతులు అనును. నేల ఒక్కటే, కాగితము ఒక్కటే. గట్టు మాత్రము వేరొక చోట పడును.

డిస్కులలో ఇదే జరుగును. పాత పట్టికలో సెక్టార్ల సంఖ్య యుండును గాని, సెక్టారు ఎన్ని బైట్లదో వ్రాయబడియుండదు. డిస్కు ఏ కొలత చెప్పిన దానినే కంప్యూటరు నమ్మును. రెండు టెరాబైట్లకు మించిన బయటి డిస్కులు వచ్చిన కాలమున, అవి విండోస్ ఎక్స్‌పీలో కూడ పనిచేయుటకై కొన్ని పెట్టెలలోని వంతెన చిప్పు ఒక ఉపాయము పన్నినది. సెక్టారు కొలత 512 గాక 4096 బైట్లని కంప్యూటరుకు చెప్పినది. దానిచే పాత పట్టిక ఎల్ల ఎనిమిది రెట్లు పెరిగినది.

పెట్టె పాడైనదనుకొందము. లోపలి డిస్కును బయటకు తీసి నేరుగా కంప్యూటరులో బిగింతురు. ఇప్పుడు వంతెన లేదు. డిస్కు తన కొలత 512 అని చెప్పును. పట్టికలో విభాగము 256వ సెక్టారున మొదలగునని యున్నది. 4096 చే గుణించినచో అది 10,48,576వ బైటు. అచ్చట ఫైల్ సిస్టమ్ నిక్షేపముగా నున్నది. కంప్యూటరు 512 చే గుణించి 1,31,072వ బైటు వద్ద వెదకును; అచ్చట ఏమియు లేదు. క్రొత్త పట్టిక యైనచో, శీర్షిక 4096వ బైటు వద్ద నుండగా కంప్యూటరు 512వ బైటు వద్ద చూచి, లేదని తేల్చును.

ఇచ్చట ఒక్క బైటు కూడ చెడలేదు. కాని తెరమీది వాక్యము మాత్రము సర్వనాశనమైనపుడు వచ్చు వాక్యమే. ఈ స్థితిలో "సిద్ధపరచుము" అని నొక్కినచో చెడని దానిని చేజేతులా చెరచినట్లగును. దీనిని కనిపెట్టుట కష్టము గాదు. 512 కొలతలో 8వ సంఖ్య గల సెక్టారును తెరచి చూడవలెను. "ఇ.ఎఫ్.ఐ. పార్ట్" అను గుర్తు అచ్చట దొరకినచో కొలమానమే మారినదని నిశ్చయింపవచ్చును, ఏలయన 8ని 512 చే గుణింపగా 4096 వచ్చును. అదే జాతి పెట్టెలో డిస్కును తిరిగి పెట్టి ఫైళ్ళను నకలు తీసికొనుట ఉత్తమ మార్గము. అది లభింపనిచో, లినక్స్‌లోని లూప్ పరికరమునకు సెక్టారు కొలత 4096 అని చెప్పి, చదువుటకు మాత్రమే అనుమతించి తెరువవచ్చును. అయితే కొన్ని పెట్టెలలోని చిప్పు సమాచారమును గుప్తలిపిలో వ్రాయును. అట్టి డిస్కును పెట్టె నుండి వేరుచేసినచో అర్థము లేని బైట్లు మాత్రమే కనబడును. దానికి ఆ చిప్పు తప్ప గతి లేదు.

పరీక్షా క్రమము

వైద్యుడు నాడి చూడకముందే మందు ఇయ్యడు. ఇచ్చటను వరుస తప్పరాదు. మొదటి నియమమేమనగా, కారణము తెలియువరకు డిస్కుపై ఏమియు వ్రాయరాదు. అడిగిన ప్రశ్నలన్నిటికిని "వలదు" అనియే చెప్పవలెను. విండోస్‌లోని చెక్‌డిస్క్, లినక్స్‌లోని ఎఫ్.ఎస్.సి.కె. వంటి మరమ్మతు ప్రోగ్రాములను ఈ దశలో నడుపరాదు. విభాగపు ఎల్లలు తప్పుగా నున్నపుడు అవి మంచి భాగమును చెడ్డదని తలచి దిద్దబోవును.

రెండవది, యంత్రాంగమును పరీక్షింపుడు. తీగ మార్చి, వేరొక రంధ్రమున తగిలించి, వీలైనచో వేరొక కంప్యూటరులో చూడుడు. డిస్కు నుండి టకటక శబ్దము వచ్చుచున్నచో వెంటనే ఆపివేయవలెను. విలువైన సమాచారమైనచో అది నిపుణుల చేతికి ఈయవలసిన ఘట్టము.

మూడవది, పరిమాణమును చూడుడు. డిస్కు పెట్టెపై అచ్చువేసిన పరిమాణమును యంత్రము చెప్పు పరిమాణముతోను, సెక్టారు కొలతతోను సరిపోల్చవలెను. లినక్స్‌లోని ఎఫ్‌డిస్క్ ప్రోగ్రామును జాబితా చూపుమని అడిగినచో ఈ రెండును కనబడును.

నాల్గవది, నకలు తీయుడు. డిస్కులోని ప్రతి సెక్టారును, ఖాళీ వానితో సహా, మరియొక పెద్ద డిస్కులో ఒకే ఫైలుగా దించవలెను. గ్నూ డిడిరెస్క్యూ అను ప్రోగ్రాము ఇందుకు తగినది. అది ముందు సులభముగా చదువబడు భాగములను తీసికొని, పాడైన చోట్లకు తరువాత తిరిగి వచ్చును. ఎంతవరకు చదివినదో వేరొక ఫైలులో లెక్క వ్రాసికొనును గనుక పని నడుమ ఆగినను మరల కొనసాగింపవచ్చును. క్షణమునకు పది కోట్ల బైట్ల వేగముతో ఒక టెరాబైటు డిస్కు నకలుకు సుమారు 2 గంటల 47 నిమిషములు పట్టును. ఈ కాలమును వృథా యని తలపరాదు. దీని తరువాత చేయు ప్రయోగములన్నియు నకలుపైననే గనుక, తప్పు జరిగినను మూలము భద్రముగా నుండును.

ఐదవది, ఇప్పుడు నకలును తెరచి సున్నవ సెక్టారు చివరి రెండు బైట్లు, 1వ సెక్టారులోని గుర్తు, 8వ సెక్టారులోని గుర్తు, చిట్టచివరి సెక్టారులోని గుర్తు చూడవలెను. ఈ నాలుగు స్థానములు పైన చెప్పిన కారణములలో ఏది వర్తించునో చాలవరకు తేల్చివేయును. జిడిస్క్ అను ప్రోగ్రాము తెరచిన వెంటనే పాత పట్టిక, క్రొత్త పట్టిక, ఆపిల్ పట్టిక మున్నగు వానిలో ఏది యున్నది, ఏది లేదు, ఏది చెడినది అని వరుసగా చెప్పును.

చికిత్స

క్రొత్త పట్టిక ముందు కొన చెడి వెనుక కొన బాగుగ నున్నచో, జిడిస్క్‌లోని పునరుద్ధరణ విభాగమున వెనుక శీర్షికను ఆధారము చేసికొని ముందు దానిని తిరిగి నిర్మింపుమని చెప్పవచ్చును. వెనుక కొన చెడినచో ముందు దాని నుండి అటులనే చేయవచ్చును. వ్రాయుమను ఆజ్ఞ ఇచ్చువరకు ఇవన్నియు కంప్యూటరు జ్ఞాపకములో మాత్రమే జరుగును గనుక, వరుసలను చదివి సంతృప్తి చెందిన పిమ్మటనే ఆ ఆజ్ఞ ఈయవలెను.

పట్టిక పూర్తిగా పోయినచో హద్దులను పొలములోనే వెదకవలెను. దస్తావేజు పోయినను సర్వే రాళ్ళు మిగులును గదా! ఫైల్ సిస్టములకును అట్టి రాళ్ళున్నవి. ఎన్.టి.ఎఫ్.ఎస్. విభాగపు మొదటి సెక్టారులో నాలుగవ బైటు మొదలుకొని ఆ పేరు అక్షరములుగా వ్రాయబడియుండును. ఆ విభాగమున ఎన్ని సెక్టార్లున్నవో కూడ అందుండును. ఆ సెక్టారు నకలు విభాగపు చివర నుండును. ఫ్యాట్ 32 లో అట్టి నకలు విభాగపు 6వ సెక్టారులో నుండును. లినక్స్ వాడు ఎక్స్‌ట్ జాతి వ్యవస్థలలో ప్రధాన సమాచార ఖండము విభాగారంభము నుండి 1024 బైట్ల తరువాత నుండి, దాని నకళ్ళు లోపల పలుచోట్ల నుండును. ఒక రాయి దొరకినచో ఆరంభము తెలియును. అందలి లెక్కను బట్టి విస్తీర్ణము తెలియును. ఆరంభము, విస్తీర్ణము, రకము తెలిసినచో పట్టికలోని వరుస తిరిగి వ్రాయబడినట్లే.

ఈ వెదకు పనిని టెస్ట్‌డిస్క్ అను ఉచిత ప్రోగ్రాము చేయును. క్రిస్టోఫ్ గ్రెనియే అను ఫ్రెంచి కార్యకర్త దీనిని రచించినాడు. అది డిస్కునంతయు పరిశీలించి దొరకిన విభాగములను చూపును. ఒక్కొక్క విభాగమును ఎంచుకొని లోపలి ఫైళ్ళ పేర్లను చూడవచ్చును. పేర్లు సరిగా కనబడి, ఫైళ్ళు తెరువబడినచో ఆ ఎల్ల సరియైనది. పేర్లు కనబడనిచో ఆ వరుసను అంగీకరింపరాదు. ఫైళ్ళను మరియొక డిస్కులోనికి తీసికొనిన పిమ్మటనే పట్టికను వ్రాయు విషయము ఆలోచింపవలెను. పట్టికను మాత్రమే వ్రాయుట ఫార్మాట్ చేయుట కాదు. కావున విభాగమును తిరిగి సృష్టించునపుడు ఫార్మాట్ చేయుదునా అని ప్రోగ్రాము అడిగినచో వలదనవలెను. ఫైల్ సిస్టమ్ కూడ చెడినచో టెస్ట్‌డిస్క్‌కు తోడుగా వచ్చు ఫొటోరెక్ అను ప్రోగ్రాము ఫైళ్ళను వాని ఆరంభ గుర్తులను బట్టి వెలికితీయును. అయితే అప్పుడు సామాన్యముగా పాత పేర్లు దక్కవు.

తిరుగు కదలిక లేని ఎస్.ఎస్.డి. డిస్కుల విషయమున మరింత జాగ్రత్త వలయును. ఫార్మాట్ చేసినపుడు "ఈ సెక్టార్లు ఇక అక్కరలేదు" అని నిర్వహణ వ్యవస్థ డిస్కుకు తెలుపుట కలదు. దీనికి ట్రిమ్ అని పేరు. ఆ పిమ్మట డిస్కు తానుగా ఆ భాగములను తుడిచివేయును. పాత రకపు హార్డ్‌డిస్కులో ఫార్మాట్ చేసిన తరువాత కూడ కొంత ఆశ మిగులును, ఎస్.ఎస్.డి.లో ఆ ఆశ చాల స్వల్పము.

ముందు జాగ్రత్తలు

కళాశాల కార్యాలయమునకును, ప్రయోగశాలకును వర్తించు నాలుగు సూచనలు చేయుచున్నాను. ఇందులో ఖర్చుతో కూడినది ఒక్కటియే.

మొదటిది, ప్రతి ముఖ్యమైన డిస్కు విభాగ పట్టికను కాగితముపై అచ్చు తీసి దస్త్రములో నుంచవలెను. లినక్స్‌లోని ఎస్.ఎఫ్.డిస్క్ ప్రోగ్రాము పట్టికనంతయు కొన్ని పంక్తులుగా వ్రాసి ఇచ్చును. సెక్టారు కొలతను కూడ ప్రక్కనే వ్రాయవలెను. ఒక్క పుట యీ కాగితము ఉన్నచో గంటలకొలది వెదకులాట తప్పును.

రెండవది, బయటి డిస్కును పెట్టె నుండి తీసినపుడు ఏ పెట్టెలోనిదో డిస్కుపై చీటీ అంటింపవలెను.

మూడవది, డిస్కుపై వ్రాయు ఆజ్ఞను ఒక్కరే ఈయరాదు. యంత్రము తిరిగి ప్రారంభమైనపుడు డిస్కుల వరుస పేర్లు మారుట కలదు. మొన్న రెండవదిగా నున్నది నేడు మొదటిది కావచ్చును. కావున పరిమాణమును, డిస్కుపైని క్రమసంఖ్యను రెండవ వ్యక్తి చదివి సరియని చెప్పిన పిమ్మటనే మీట నొక్కవలెను.

నాల్గవది, ముఖ్య సమాచారపు నకలు వేరొక డిస్కులో, వేరొక గదిలో, వీలైనచో వేరొక భవనములో నుండవలెను. ఇందుకు అదనపు డిస్కు కొనవలసి యుండును. ప్రవేశ పట్టికలో పేరు లేదన్న కారణమున ఒక విద్యార్థి ఉపకార వేతనము ఒక సంవత్సరము నిలిచిపోయినచో ఆ కుటుంబమునకు కలుగు కష్టముతో పోల్చినచో ఈ డిస్కు వెల పెద్దది కాదు. ఈ విషయమును పాలకవర్గ సభ్యులు గమనింతురని ఆశించుచున్నాను.

విద్యార్థులు ఈ విద్యను పాత పెన్‌డ్రైవుతో అభ్యసింపవచ్చును. అక్కరలేని పెన్‌డ్రైవులో కొన్ని ఫైళ్ళు వేసి, దాని నకలు తీసి, ఆ నకలులోని ముద్ర బైట్లు రెంటిని చెరిపి, పిమ్మట వానిని తిరిగి వ్రాసి చూడుడు. రెండు బైట్ల మార్పుతో డిస్కు మాయమగుటయు, మరల ప్రత్యక్షమగుటయు కన్నులారా చూచిన విద్యార్థి, తెరమీది వాక్యమునకు బెదరక, ముందు నకలు తీసి పిమ్మట కారణము వెదకును. కార్యాలయపు డిస్కు ఎన్నడైన చదువబడని దినమున కళాశాలకు అట్టి విద్యార్థి ఎంతో అక్కరకు వచ్చును.